మూడు రిపోర్టులు, ఒక్క సాక్షి

2023, చోడవరంలో చెరకు నరుకుడు మొదలైన రోజులు. మా మేడ మీది గదే నా ఆఫీసు. పెళ్లికి ముందు విశాఖలో ఓ షిప్పింగ్ ఏజెన్సీలో చేసేదాన్ని. ఇప్పుడు తెరచాప పడవల్లో దేశాలు తిరిగేవాళ్లకు దారి భద్రత సమాచారం పంపే చిన్న సంస్థకు ఇంటి నుంచే పనిచేస్తున్నాను. ఫలానా చోట సముద్రపు దొంగలు కనిపించారని కబురొస్తే, అది నమ్మదగ్గదో కాదో తేల్చాలి. మా అత్తగారికి ఇదంతా వింత. "సముద్రం లేని ఊర్లో కూకుని సముద్రం దొంగల్ని పడతాదట మా కోడలు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది.

ఆ రోజు పొద్దున్నే మారియా అనే ఆవిడ నుంచి మెసేజ్. భర్తతో, ఏడేళ్ల కూతురు లీనాతో యాట్‌లో, అంటే అలాంటి తెరచాప పడవలోనే, ప్రయాణిస్తోంది. ముందున్నది రెండు దీవుల మధ్య ఇరుకు దారి. అక్కడ స్కిఫ్‌లు, అంటే ఇంజను బిగించిన చిన్న పడవలు, ఒక యాట్‌ని తరిమాయని, తుపాకీ కూడా ఉందని మూడు రిపోర్టులు వచ్చాయి. ఆ దారి మానేస్తే దీవిని చుట్టి పోవాలి. అటుపక్క తుఫాను గాలి. "ఇక్కడ లంగరు నిలవడం లేదు. సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పండి" అని రాసింది.

మూడు రిపోర్టులంటే గట్టి సాక్ష్యమే అనుకుంటారు అందరూ. నాకు ఒళ్లుమండేది అక్కడే. ముగ్గురికీ ఒకటే ప్రశ్న పంపాను: మీరు కళ్లారా చూశారా? మొదటాయన పడవ రేడియోలో ఎవరో అంటే విన్నాడట. రెండో ఆయన మొదటాయన రాసింది చదివాడు, తుపాకీని మాత్రం సొంతంగా చేర్చాడు. మూడో ఆవిడ ఒంటరిగా ప్రయాణించే పెద్దావిడ. తరిమింది ఆవిడ యాట్‌నేనట, కళ్లారా చూసింది ఆవిడొక్కతే. ఆవిడేమో ఫోనెత్తదు.

కూర్చుంటే కాలు నిలవదు. మెట్లు దిగుతాను, మళ్లీ ఎక్కుతాను. "ఏటే అమ్మీ, కాలు కాలిన పిల్లిలాగ తిరగతన్నావు? కాసింత తిను" అంది అత్తగారు. ముద్ద దిగితే కదా!

మధ్యాహ్నానికి పెద్దావిడ దొరికింది. వీధిలో చెరకు ట్రాక్టరు మోత, తలుపులు మూసి చెవికి ఫోను నొక్కిపట్టుకున్నాను.

"అరుస్తూ మీదికొచ్చారు. ఒకడు పొడవాటిదేదో పైకెత్తాడు" అంది.

"మీరేం చేశారు?"

"భయపడి ఎడమకు తిప్పాను. ఆగిపోయారు."

"అప్పుడు నీళ్ల మీద ఏమైనా తేలుతూ కనిపించాయా?"

"తెల్ల డబ్బాలు... వరసగా. అయ్యో దేవుడా, వలలకు కట్టినవా అవి!"

దోచుకోడానికొచ్చినవాళ్లు పడవ పక్కకు తిరగ్గానే ఆగిపోరు. వల తెగుతుందని తెడ్డెత్తి అరుస్తూ వచ్చిన జాలర్లయితే ఆగుతారు. నాకు తేలిపోయింది. అయినా చెయ్యి కీబోర్డు మీదికి పోలేదు. పైకొచ్చి సంగతంతా విని అత్తగారు సూటిగా అడిగింది: "మన గుంట ఆ పడవలో ఉంటే పంపుతావేటే?"

మా అమ్మాయిదీ లీనా వయసే. అత్తగారి మీద చెప్పలేనంత కోపమొచ్చింది. "పంపుతాను" అని గట్టిగానే అని కీబోర్డు ముందుకు లాక్కున్నాను. మారియాకి రాశాను: "వాళ్లు దొంగలు కారు, జాలర్లని నా అంచనా. పగలే దాటండి. వాళ్లు ఎటు చెయ్యి చూపిస్తే అటు తిరగండి."

మర్నాడు మధ్యాహ్నం దాకా కబురు లేదు. ఫోను మోగకపోయినా తీసి చూస్తున్నాను. చివరికి వచ్చింది: "దాటేశాం. పడవలు వచ్చాయి, అరిచారు. చూపించిన వైపు తిప్పాం, వెళ్లిపోయారు." అత్తగారిని పట్టుకుని ఏడ్చేశాను. "ఊరుకోయే, గండం గట్టెక్కింది కదా" అంటూనే ఆవిడా కళ్లు తుడుచుకుంది.

వెంటనే ఇంకోటి. "లీనా కింది గదిలోంచి పైకి రానంటోంది. వలల సంగతి దానికి చెప్పడమే మరిచిపోయాం."

నా ప్రాణం ఉసూరుమంది. లీనాకే నేరుగా రాశాను: "వాళ్లు దొంగలు కాదమ్మా. మీ పడవ కింద పడి వాళ్ల వలలు తెగిపోతాయని హడలిపోయి అలా అరిచారు."

వాళ్లమ్మ ఫోన్లోంచే లీనా జవాబు పంపింది: "మమ్మల్ని చూసి భయపడ్డారా?"

ఆ సాయంత్రం పైకొచ్చి కూర్చుందట. ఆ తర్వాత ఏ రిపోర్టు వచ్చినా, మీరు కళ్లారా చూశారా అని అడిగాక, ఇంకొకటి కూడా అడుగుతున్నాను: మిమ్మల్ని చూసి వాళ్లు దేనికి భయపడి ఉంటారు?