సముద్రపు నత్తలకు మంచినీళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఉండేది కాదు. ఉంటే జేబులో ఫోన్ ఉండేది. బేతంచెర్ల బండల పాలిష్ ఫ్యాక్టరీలో లోడు చీటీలు రాసే కొత్త ఉద్యోగం. అప్పుడే అక్క నాలుగో నెలతో పుట్టింటికొచ్చింది. అంతకుముందు ఒక కడుపు పోయింది. "రక్తం శానా తక్కువుండాది, బిడ్డ నిలవాలంటే రాగులు, ఆకుకూరలు బాగా తినమ్మా" అంది మా ఊరి ఆసుపత్రి నర్సమ్మ. రాగులా! అక్కను కాపాడే భారం నా తెలివి మీద ఉందని నేనే తీర్మానించుకున్నాను (ఎవరూ అడగలేదు).

కోస్తాలో బండలు దింపి వచ్చిన లారీ నడిపే మా చిన్నాయన తడి గోనెసంచిలో సముద్రపు నత్తలు తెచ్చాడు. "బతికుండంగానే వండుకోండప్పా" అని చెప్పి పోయాడు. నేను ఫోన్ తీశాను. మాంసకృత్తులు, ఇనుము, మెగ్నీషియం! వంట మరుసటి పొద్దునకు పెట్టుకున్నాం. గడప తొక్కినవాళ్లకు ముందు చెంబెడు నీళ్లిచ్చే మా అవ్వ ఊరుకుంటుందా? "అంత దూరం ఎండలో వచ్చినాయి, దప్పికైంటాది పాపం" అని, ట్యాంకర్ నీళ్లు కూడా కాదు, మేం తాగే క్యాన్ నీళ్లే బిందెడు పోయించింది. పోసింది నేనే. పొద్దున ఒక్కటీ కదల్లేదు. "నిద్రపోతాండాయేమో" అంది అవ్వ. "సముద్రం వాసన ఇట్లే ఉంటాది" అన్నాను నేను, ముక్కు మూసుకుని.

అక్క వద్దంది. "తినక్కా, ఇనుముండాది" అని పక్కన కూర్చుని నాలుగు తినిపించాను (నేను తినలేదు, నాకు రక్తం సరిపడా ఉంది). సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. కర్నూలు ఆసుపత్రిలో మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. "వండేటప్పుడు బతికే ఉండాయా?" అని డాక్టరమ్మ అడిగింది. "మంచినీళ్లు పోసినాం మేడం" అన్నాను. "ఉప్పునీళ్ల ప్రాణి మంచినీళ్లలో చస్తాది నాయనా. చచ్చి కుళ్లినవి కడుపుతో ఉన్న మనిషికి పెట్టినావు." వరండాలో నిలబడి మళ్లీ ఫోన్ తీశాను. పోషకాల కిందనే రాసి ఉంది, చచ్చినవి తినకూడదని. ఆ రోజు అంతవరకూ వేలు జరపలేదు. బిడ్డ గుండె కొట్టుకుంటోందని తెలిసేదాకా అమ్మ నా మొహం చూడలేదు.

ఆ బిడ్డకిప్పుడు ఆరేళ్లు. మొన్న బడి నుంచి వస్తూనే "మామా, రక్తం పట్టాలంటే ఏం తినాల? టీచర్ రాసుకురమ్మంది" అని అడిగింది. నేను ఫోన్ తీసి పైనుంచి కిందిదాకా చదవడం మొదలుపెట్టాను. వంటింట్లోంచి అక్క కేకేసింది: "మీ మామ చదివేలోపల నీ పెండ్లయితాది. రాగిసంగటి, ఆకుకూర అని రాసుకో పో!"

నవ్వొచ్చింది. నర్సమ్మ చెప్పింది కూడా అదే కదా.