వెలుతురు సోకని పాలు

మిరపకాయ కోతలు జోరుగా సాగుతున్న రోజులవి. నేను గుంటూరులో ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. బాలింతల రక్తంలోనూ పాలలోనూ విటమిన్ ఎ ఎంతుందో కొలవడం అప్పటి మా పని. ఆ పని మీదే ప్రత్తిపాడు వైపు ఒక ఊరికి ఐస్ పెట్టె పట్టుకుని వెళ్లాను.

రక్తం ఇవ్వడానికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు. చిక్కంతా పాల దగ్గరే. ఒక ఇంట్లో నాలుగు నెలల పిల్లవాడి తల్లి వెంటనే చెయ్యి చాపి రక్తం ఇచ్చింది. పాలు అడగ్గానే వాళ్లత్తగారు వచ్చి గుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

"రక్తం తీసుకున్నావు గదమ్మాయ్, చాలు. పసోడు తాగే పాలు పరాయివాళ్ల కంట పడితే ఇంకిపోతాయ్."

"కొంచెం చాలు పెద్దమ్మా. రక్తంలో బాగున్నట్టు కనిపించినా పాలలో తక్కువుండొచ్చు. రెండూ చూస్తేనే తెలిసేది."

"మాకు తెలియక్కర్లా."

పొద్దుటి నుంచి ఇలాంటి మాటలు విని వెనక్కి తిరుగుతూనే ఉన్నాను. ఇక్కడినుంచి మాత్రం లేవదల్చుకోలేదు. అరుగు మీదే కూర్చుని, రక్తం గొట్టానికి ఫాయిల్ కాగితం చుట్టి పెట్టెలో పెట్టాను. పాల కోసం తెచ్చిన ఖాళీ సీసాకూ చుట్టాను. పెద్దావిడ చూస్తూనే ఉంది.

"ఎందుకంతలా కప్పెడతన్నావు?"

"వెలుతురు తగిలితే లోపలి విటమిన్ పాడైపోతుంది పెద్దమ్మా. పాలు కూడా తలుపు మూసిన గదిలోనే తీయాలి. సీసా మీద పేరుండదు, నంబరే."

"అయితే ఎవరికీ చూపించవా?"

"చూపించను."

ఆవిడ ఇంకేదో అనబోయింది. ఈలోపు కోడలే లేచింది. "నా బిడ్డ తాగేదాంట్లో ఏముందో నాకు తెలియాలి అత్తయ్యా" అంది. పెద్దావిడ గుమ్మంలోంచి పక్కకు జరిగింది.

తీరా గదిలోకి వెళ్లాక కోడలు వేళ్లు చూపించింది. అప్పటిదాకా కాయ కోసి వచ్చిందట. ఎంత కడిగినా మంట పోవడం లేదు. కొబ్బరినూనె రాసుకుంటానంటే, పాలలో నూనె కలిస్తే లెక్క తప్పుతుందని ఆపాను. ఆమె ఒప్పుకున్నాక గ్లవ్స్ తొడుక్కుని నేనే పిండాను. తలుపు మూసిన గదిలో ఇద్దరం చెమటతో తడిసిపోయాం.

రక్తం ఫలితం బాగానే వచ్చింది. పాలలో విటమిన్ తక్కువగా ఉంది. ఒంట్లో నిల్వ తరుగుతున్నా ఆ సంగతి రక్తంలో చాలాకాలం బయటపడదు, పాలలో ముందే తెలుస్తుంది. అనుమానం తీరక మళ్లీ పరీక్ష చేశాను. అదే ఫలితం.

మాతో పనిచేసే డాక్టరమ్మతో కలిసి మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. పిల్లవాడికి పడదని అత్తగారు కోడలి చేత గుడ్డూ ఆకుకూరా బొప్పాయీ మానిపించిన సంగతి అప్పుడు తెలిసింది. డాక్టరమ్మ ఎవరినీ తప్పుపట్టకుండా ఏమేం పెట్టాలో చెప్పింది. అత్తగారు తల వంచుకుని విన్నది. "మంచిదనుకునే మానిపించా" అని మాత్రం అంది.

కొన్ని నెలల తర్వాత ఆ తల్లి పాలు మళ్లీ కొలిచాం. విటమిన్ పెరిగింది గానీ, నేను ఆశపడినంత కాదు. ఆ మాట ఎలా చెప్పాలా అని తటపటాయించాను. ఆమె మాత్రం కంగారుపడలేదు.

"పెరిగింది గదండి. ఇట్టాగే తింటా. మళ్లా ఎప్పుడొస్తారు?" అంది.