ఈల మాస్టారి గోడకుర్చీ

పొద్దున్నే స్టవ్ మీద పాలగిన్నె పెట్టి, ఈల మాస్టారు వంటింటి గోడకు వీపు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కూర్చుంటారు. మోకాళ్లు వంచి, చేతులు ముందుకు చాపి, పాలు పొంగేదాకా అలాగే ఉంటారు.

"పాలు చూడమంటే బల్లిలా గోడకు అతుక్కుంటారేమిటండీ?" అని భార్య రోజూ అంటుంది. ఆయన చూపు పాలగిన్నె మీదే ఉంటుంది.

గోడకుర్చీ బడిపిల్లలకు వేసే శిక్ష. డ్రిల్లు మాస్టారుగా ఆయన దాన్ని ఏళ్ల తరబడి ధారాళంగా పంచిపెట్టారు. వరుసలో మాట్లాడితే గోడకుర్చీ, ఆలస్యంగా వస్తే గోడకుర్చీ. అదే బళ్లో చదివే సొంత కూతురికీ మినహాయింపు లేదు. తాను మాత్రం మైదానం అంచున నీడలో నిలబడి ఈల ఊదేవారు. పరుగు పిల్లల పని, ఈల ఆయన పని.

నలభై దాటాక వ్యాయామ శిక్షణలో ఏడాది చదువుకు విదేశం వెళ్లారు. బడివాళ్లు సెలవిచ్చారు గాని, సర్టిఫికెట్టు తెస్తేనే పాత ఉద్యోగం అన్నారు. సామాను సర్దే హడావిడిలో ఈల ఇంట్లో మేకుకే ఉండిపోయింది. కూతురు దాన్ని తన మెడలో వేసుకుంది.

అక్కడ గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక హీటరు. కండరాల పేర్లు, గుండె వేగం పట్టికలు, వారం వారం వ్యాసాలు. ఒళ్లు కదిలించడం గురించి చదవడానికి ఒళ్లు కదపకుండా కూర్చోవలసి వచ్చింది. వీధి మలుపు దాకా బస్సు, రెండో అంతస్తుకు లిఫ్టు. చలికాలం ముగిసేసరికి పాత ప్యాంట్లు నడుము దగ్గర మొండికేశాయి.

మొదటి ప్రాక్టికల్‌లో పరుగు సగంలోనే ఆగిపోయి, ఆయన కడుపు పట్టుకుని గడ్డిమీద కూర్చున్నారు. శిక్షకురాలు మర్యాదగానే చెప్పింది. ఏడాది చివర పరుగూ, కాళ్ల బలం పరీక్షా రెండూ గట్టెక్కితేనే సర్టిఫికెట్టు.

ఆ సంగతి వీడియో కాల్‌లో విని కూతురు మెడలోని ఈల ఎత్తి చూపించింది.

"ఈల నా దగ్గరే ఉంది నాన్నా. నేను ఊదుతా, నువ్వు చెయ్యి."

ఆయనకు తెల్లవారే వేళకు ఇక్కడ ఊళ్లో బడి వదిలేవారు. మాస్టారు అక్కడి ఉమ్మడి వంటగదిలో నూనె డబ్బాకు ఫోను ఆనించి, ఎదురుగా గోడకు నిలబడేవారు. ఈల మోగితే కూర్చోవాలి, మళ్లీ మోగితేనే లేవాలి.

"చేతులు మోకాళ్ల మీద పెట్టావు. నాకు కనిపిస్తోంది."

"తొడలు మండిపోతున్నాయమ్మా."

"మాట్లాడకూడదు. నాకు వేసినప్పుడు నేను మాట్లాడానా?"

"ఏమే, నాన్నతో అలాగేనా మాట్లాడేది?" అని వెనక నుంచి తల్లి గొంతు.

"ఇప్పుడు నాన్న కాదమ్మా, స్టూడెంటు."

పక్కగది కుర్రాడిదీ మన భాషే. ఒక పొద్దున టీ పెట్టుకోవడానికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏం తప్పు చేశారు మాస్టారూ?"

"హోంవర్కు చెయ్యలేదు," అంది ఫోను.

నవ్వు ఆపుకోలేక మాస్టారు గోడ వెంబడి జారి నేల మీద కూలబడ్డారు. కూతురు మళ్లీ మొదటినుంచి చేయించింది.

పరుగుకు ఫోను చొక్కా జేబులో పెట్టుకుని పార్కుకు వెళ్లేవారు. జేబులోంచి ఈల మోగితే ఆయనతోపాటు అక్కడి కుక్కలూ పరుగెత్తేవి. యజమానులు గుర్రుగా చూసేవారు. రెండోవారంలోనే మాస్టారు మానేద్దామనుకున్నారు. "మానేస్తే ఇంటికొచ్చి ఏం చేస్తావు నాన్నా?" అని పిల్ల మామూలుగానే అడిగింది. మర్నాడు ఆయన మళ్లీ బూట్లు వేసుకున్నారు.

పరీక్ష రోజున పరుగులో అందరికన్నా వెనక వచ్చారు. కాకపోతే గడువులోపలే వచ్చారు.

తరువాత అందరినీ గోడకు వరసగా నిలబెట్టి కూర్చోమన్నారు. ఆయనకన్నా సగం వయసువాళ్లు ఒక్కొక్కరే జారిపోయారు. చివరికి గోడకు మాస్టారొక్కరే మిగిలారు. శిక్షకురాలు గడియారం చూసి ఇక చాలు, లేవమంది. ఆయన లేవలేదు. మరోసారి చెప్పింది. మాట చెవికి చేరింది గాని కాళ్లకు చేరలేదు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ మెడలోని ఈల తీసి ఊదింది. మాస్టారు లేచి నిలబడ్డారు.

ఇప్పుడు ఆయన అదే బళ్లో, అదే మైదానంలో పని చేస్తున్నారు. ఈల మాత్రం కూతురిదే. పొద్దున అడిగి తీసుకెళ్తారు, సాయంత్రం తిరిగి ఇచ్చేస్తారు.