ఆవిడ మా కారు బానెట్ ఎత్తిన రోజు

నాకు ఈర్ష్య ఉంది. దాచుకోవడం ఎందుకు? ఒకరి నగలు చూసి కాదు, ఒకరి ఫ్లాటు చూసీ కాదు. ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఉండే ఒక పంజాబీ ఆవిడంటే ఈర్ష్య. ఆవిడ చేసిన నేరమల్లా మా కారు బానెట్ ఎత్తడం.

కారు మా ఆయనది. దాని ఒళ్లు తెలిసింది మాత్రం నాకు. మా నాన్నకు విజయవాడలో కార్ల షెడ్డు ఉండేది. నర్సింగులో చేరేదాకా బడి వదిలితే నేను అక్కడే ఉండేదాన్ని. ఢిల్లీ ఆసుపత్రుల్లో ముప్పై ఏళ్లు రోగుల నాడి చూసిన ఈ చేత్తోనే, ఇంటికొచ్చి దీని ఇంజనూ చూశాను. మా ఆయనకు దాన్ని కడగడం, తుడవడం, హారన్ కొట్టడం వచ్చు. పాత కార్లన్నీ తుక్కుకి పోతున్న ఈ ఊళ్లో, ఇది మాత్రం వయసు యాభై దాటింది గనక వింటేజ్ అనే కాగితం సంపాదించుకుని మా మయూర్ విహార్ సొసైటీ గేటు పక్కన దర్జాగా నిలబడి ఉంటుంది.

ఈమధ్య దానికో జబ్బు పట్టుకుంది. స్టార్టవుతుంది, నిలబెడితే చక్కగా ఆడుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే చాలు, దగ్గి దగ్గి ఆగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌లోనే ఏదో ఉందని నాకు తెలుసు. నాలుగు ప్లగ్గులకూ వంతు తప్పకుండా కరెంటు పంచే డబ్బా అది. బంతిలో వడ్డించేవాడు తడబడితే తినేవాళ్ల సంగతేమిటి? పాయింట్లు మార్చాను. కండెన్సర్ మార్చాను. మూత లోపల బీటలున్నాయేమోనని టార్చి వేసి చూశాను. అయినా అక్షర్‌ధామ్ ఫ్లైఓవర్ ఎక్కుతుండగా ఆగింది. వెనకాల హారన్ల మోత.

"పోనీలే, నీకూ ఓపిక తగ్గింది. మేడమ్‌ని అడుగుదాం" అన్నాడాయన.

మేడమ్! పాత కార్ల వాళ్లంతా కలిసిన చోట పరిచయమైందట. భర్త పోయాక ఆయన కార్లు రెండూ తనే బాగు చేసుకుంటోందట. ఈ ఊళ్లో అరవై దాటిన ప్రతి ఆడదీ అందరికీ ఆంటీయే గదా, ఈయనకు మాత్రం మేడమ్. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా! ఒళ్లు మండిపోయింది. నాకు కావలసింది ఒక్కటే. ఆవిడ ముందు ఈయన నా వైపు తిరిగి "నువ్వు చూడు" అనాలి. ఆ ఒక్క మాట కోసం ఆదివారం చర్చి మానేసి, వసంత్ కుంజ్ వెళ్లడానికి కారెక్కి ఆయన పక్కన కూర్చున్నాను. దారిలో నాలుగుసార్లు ఆగింది. నాలుగుసార్లూ నేనే దిగి కదిపి కుదిపి లేపాను.

ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉంది. జుట్టుకు రంగు లేదు. గోళ్ల కింద గ్రీజు ఉంది. ఆ గ్రీజు చూడగానే నా గోళ్ల వంక చూసుకున్నాను. మా ఆయన చేతులు కట్టుకుని జబ్బు మొత్తం ఏకరువు పెట్టాడు. నేను కావాలనే గట్టిగా దగ్గాను. ఊహూ, ఇటు చూస్తే ఒట్టు.

"పాయింట్లు, కండెన్సర్ కొత్తవే" అన్నాను హిందీలో.

"అచ్ఛా, ఠీక్ హై" అంది, మందులు రాసే డాక్టరు నర్సుతో అన్నట్టు.

ఇంజను ఆడుతుండగా కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్నటి పైపు ఊడదీసింది. దాని కొస నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చింది. ఇంజను దగ్గింది. ఆవిడ వదలగానే సర్దుకుంది. మళ్లీ పీలిస్తే మళ్లీ దగ్గింది.

అది మా నాన్న చేసే పని! యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఆ పైపు గాలి లాగుతుంది, లోపల పాయింట్లున్న పళ్లెం కాస్త తిరుగుతుంది. నోటితో లాగినా తిరుగుతుంది. అలా తిరిగినప్పుడే ఇంజను దగ్గితే, పళ్లేనికి పోయే తీగ తెగినట్టు. ఇన్ని వారాల్లో నాకు గుర్తు రాని పరీక్ష, మా నాన్న పరీక్ష, ఆ పరాయి మనిషి నోట్లో ఉంది. అవతలి మనిషిని మెచ్చుకోవాల్సి రావడమంత మంట ఇంకోటి లేదు.

మూత తీసి, దాని కింద తిరిగే రోటర్ పీకి, తీగను రెండు వేళ్లతో లాగింది. పైన తొడుగు సాగింది. లోపల రాగి ఎప్పుడో తెగిపోయింది.

"అరే! యే కిస్ గధే నే లగాయా?"

ఏ గాడిద పెట్టాడు ఈ తీగని అంటోంది. అక్కడ జడలాంటి మెత్తటి తీగ ఉండాలట, ఎంత తిరిగినా విరగనిది. ఎవడో గోడ స్విచ్చులకు వేసే మొద్దు తీగ బిగించాడట.

ఆ గాడిదను నేనే. దీపావళి సెలవులకు కరోల్ బాగ్‌లో విడిభాగాల షాపులు మూసి ఉంటే, ఈ పూటకి నడిపిద్దాంలే అని ఇంట్లో దొరికిన ముక్క బిగించాను. మొన్న పాయింట్లు మార్చినప్పుడు కూడా దాన్నే విప్పి దాన్నే మళ్లీ బిగించాను. నా చేతి పని కదా, అనుమానం ఎలా వస్తుంది? తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"మైనే హీ లగాయా జీ" అన్నాడు మా ఆయన, తనే పెట్టానని.

రోటర్ ఏదో, కాయిల్ ఏదో తెలియని మనిషి! ఆవిడ అందుకుంది. చదువుకున్నవాళ్లే ఇలా చేస్తే ఎలా, నడిరోడ్డు మీద ఆగితే లారీ గుద్దేదని, తెలియకపోతే ముట్టుకోవద్దని. ఆయన తల వంచుకుని "జీ, జీ" అన్నాడు. ఇంట్లో నేను ఒక్క మాటంటే వంద అనే మనిషి, అక్కడ నా వంతు తిట్లన్నీ నవ్వుతూ పడ్డాడు. అప్పుడైనా నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఆవిడ ముందు తగ్గడం నా వల్ల కాలేదు.

ఆవిడ లోపలి నుంచి కొత్త తీగ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఇదిగో, నువ్వు చూడు" అన్నాడు.

అడిగాడు. ఆవిడ ముందే అడిగాడు.

"ఆవిడ చేతే పెట్టించండి" అన్నాను.

పది నిమిషాల్లో పెట్టేసింది. తిరుగుదారిలో ఆయన ఫ్లైఓవర్ల మీద కావాలనే గట్టిగా తొక్కుతూ, "విన్నావా, ఎంత నున్నగా పోతోందో" అన్నాడు. వింటున్నాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆగవే అని దానికి లోలోపల దణ్ణం పెడుతున్నాను. మయూర్ విహార్ గేటు దాకా ఎక్కడా ఆగలేదు.