బండ్ల బాట మీద పడవ

మొన్న కరీంనగర్‌లో డ్యామ్ కట్ట మీద నిలబడి ఉంటే, ఎండకు కాగిన రబ్బరు వాసన, దాని వెంటే పెట్రోలు వాసన ముక్కుకు తగిలాయి. కింద నీళ్లలో ఒక పడవ పసుపుపచ్చ గాలి ట్యూబును లాక్కుపోతోంది. దాని మీద ఇద్దరు పిల్లలు కేరింతలు కొడుతున్నారు. పక్కన పల్లీలు అమ్మే ముసలాయన నాకేదో వింత చూపిస్తున్నట్టు చెప్పాడు. “ఎన్కట ఒక పటేల్ గిట్లనే లారీ ట్యూబులు గుంజుతుండె సారూ. తాగి నడిపి, ఒక పిలగాని చెయ్యి ఇరగ్గొట్టిండు.” నేను పొట్లం అందుకుని తలూపాను. ఈ కథ ఎవరు చెప్పినా తలూపడం నాకు అలవాటైపోయింది. ఆ పటేల్ ఆ రోజు తాగలేదు. అసలు పడవ నడిపింది ఆయన కాదు. నేను.

ఎనభైల చివర నేను డిగ్రీ చదువుకని బోథ్ నుంచి కరీంనగర్ వచ్చి, భూంరెడ్డి పటేల్ ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఆయన ఊరు, ఇల్లు, పొలాలు అన్నీ డ్యామ్ నీళ్ల కిందికి పోయాయి. పరిహారం చేతికొచ్చాక మిగతావాళ్లు పట్నంలో ప్లాట్లు కొనుక్కుంటే, ఈయన ఒక పడవ, దానికో పాత మోటారు కొన్నాడు. ఆదివారాలు డ్యామ్ చూడడానికి వచ్చినవాళ్లను లారీ ట్యూబు మీద కూర్చోబెట్టి పడవ వెనక లాగేవాడు. అన్నదమ్ములు సిగ్గుతో చచ్చిపోయారు. “పటేల్ అయ్యుండి గీ తమాషా ఏందే?” అని అడిగితే, “నా పొలంల నేను తిరుగుతున్న. మీకేం తక్లీఫ్?” అనేవాడు. గొప్పలకు పోయే మనిషి. మీసాలకు రంగు వేసుకుని, ఇస్త్రీ ధోవతి కట్టి పడవెక్కేవాడు. మొదటి రోజు నన్ను పడవలో కూర్చోబెట్టుకుని, నేను అంచు గట్టిగా పట్టుకోవడం చూసి పగలబడి నవ్వాడు. “ఏం రా బోథోడా! మీ దిక్కు గిన్ని నీళ్లు ఎన్నడన్న చూసిండ్రా? పడవను నువ్వు పట్టుకునుడు కాదు, అదే నిన్ను పట్టుకుంటది. ఫికర్ చెయ్యకు.”

కానీ ట్యూబు కట్టే తాడు చేతిలోకి తీసుకున్నాక ఆయనలో ఆ వేళాకోళం ఉండేది కాదు. ట్యూబుకు గాలి కొట్టే ఇత్తడి మూతి ఎక్కినవాళ్ల తొడకు గీరుకోకుండా దానికి గుడ్డ చుట్టేవాడు. ఒక ట్యూబు మీద ఒక్కరినే ఎక్కించేవాడు. నీళ్లలో తేల్చే జాకెట్ తొడగనంటే ఎంత పెద్దవాళ్లనైనా ఒడ్డునే నిలబెట్టేవాడు. తాడు చేతికి చుట్టుకోవద్దని చెప్పేవాడు. మనిషి నీళ్లలో ఉంటే మొదట ఇంజను బంద్, తర్వాతే మిగతా మాట. వీటన్నిటికంటే నాకు విచిత్రంగా తోచింది ఆయన దారి. అంత నీళ్లున్నా, పడవ ఎప్పుడూ ఒకే గీత మీద పోయేది. ఒకసారి అడిగేశాను.

“పటేలా, ఇంత జాగ ఉండంగ గీ ఒక్క దిక్కే ఎందుకు పోతున్నం?”

“కింద మా బండ్ల బాట ఉంది. బాట మీద ఏముంటది? ఏముండది. కుడి దిక్కు తాటివనం. నీళ్లు రాకముందు చెట్లు నరికిండ్రు గని, మొద్దులు అట్లనే ఉన్నయ్. ఎండకాలం నీళ్లు తగ్గితే అవి నీళ్ల అంచు దాక అస్తయ్ గని, పైకి కనవడయ్. పడవ మర్రితే ట్యూబు పక్కకు ఇసిరికొడతది. అందుకే ముందట మా పెద్ద చెలక పొలం వచ్చినంక, మొద్దులు లేని కాడ, ఆడనే మర్రాలె.” కొంచెం ఆగి, వెనక్కి తిరిగి కూర్చున్న నా భుజం తట్టాడు. “నడిపెటోడు ముందుకు చూడాలె, నువ్వు ఎన్కకు చూడాలె. ఇద్దరు ఒక్క దిక్కు చూసిండ్రంటే ఖతమే.”

రెండు వేసవులు నేను వెనక్కే చూశాను. ఆ చూపు నాలో ఉండిపోయింది. ఇప్పటికీ జీపులో పిల్లలున్నా, బడి ముందు మనుమరాలు రోడ్డు దాటుతున్నా, నా తల వెనక్కి తిరిగే ఉంటుంది. ఇంట్లో నవ్వుతారు.

మూడో వేసవిలో ఒక ఆదివారం పటేల్‌కు నడుం పట్టేసింది. అప్పటికి నాకు నడపడం వచ్చు కాబట్టి నన్ను మోటారు దగ్గర కూర్చోబెట్టి, ఆయన వెనక్కి తిరిగి కూర్చున్నాడు. సిరిసిల్ల నుంచి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసే కుర్రాళ్లు కొందరు వచ్చారు. వాళ్లలో శంకర్ అనే అబ్బాయి ట్యూబు ఎక్కాడు. పడవ బండ్ల బాట మీద పోతుండగా ఎడమ పక్క, ఆ ఏడు బాగా తగ్గిన నీళ్లలోంచి ఒక గోడ తేలి కనిపించింది. గోడలో గూడు కూడా ఉంది. పటేల్ తన ఇంటి గురించి చెప్పినప్పుడల్లా ఆ దీపం గూడు గురించి చెప్పేవాడు. ఆయనకు చూపించాలనిపించింది. అంతే. ఇంకో ఆలోచన లేదు. “పటేలా, మీ ఇల్లు!” అని అరిచి, చెలక దాకా ఆగకుండా, వేగం తగ్గించకుండా పడవను ఎడమకు తిప్పాను. ఆయన తల తిప్పి చూశాడు. ఇద్దరం ఆ గోడనే చూస్తున్నాం. ట్యూబు కుడివైపు తాటివనం మీదికి విసురుగా పోయింది. మొద్దుకు తగిలిన చప్పుడు కూడా పెద్దగా వినిపించలేదు. “ఇంజను బంద్!” అని అరుస్తూ పటేల్ ధోవతితోనే నీళ్లలోకి దూకాడు. జాకెట్ వల్ల శంకర్ తేలుతూనే ఉన్నాడు. అతని కుడి మోచెయ్యి మాత్రం వంగకూడని వైపు వంగి ఉంది.

ఒడ్డున పోలీసాయన “నడిపిందెవరు?” అన్నాడు. “నేనే. పడవ నాది,” అన్నాడు పటేల్. నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నోరు మూసుకొమ్మన్నదా, చెప్పమని ఎదురుచూసిందా, ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూసుకున్నా నాకు తెలియదు. నాకు అనుకూలమైన అర్థం తీసుకుని నోరు మూసుకున్నాను. పడవ ఒడ్డెక్కింది, మళ్లీ దిగలేదు. తాగి నడిపాడన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ ఊరంతా పాకింది. నేను చదువు ముగించి శ్రీరాంపూర్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయాను.

కొన్నేళ్లకు ధైర్యం తెచ్చుకుని పటేల్ దగ్గరికి వెళ్లాను. మీసాలకు రంగు మానేశాడు. ఆ రోజు పిలిచి ఆయన తల తిప్పించింది నేనేనని చెప్పాను.

“నువ్వు పిలిచినవా? ఇంజను సప్పుడుల నాకేం ఇనరాలే. నా ఇల్లు కనవడ్డది, నేనే చూసిన.”

అది నిజమో, నన్ను తేలికపరచడానికి అన్నదో అర్థం కాలేదు. నిజమైతే తప్పు ఇద్దరిదీనా? అలా అనుకోవాలని ఉంది గానీ, పడవ తిప్పిన చెయ్యి నాది. “మీరెందుకు మీద వేసుకున్నరు?” అని అడిగాను. “పడవ నాది కాదా?” అన్నాడు, అంతకంటే చెప్పాల్సిందేమీ లేనట్టు. మళ్లీ ఏదో అనబోతే విసుక్కున్నాడు. “నాకెందుకు చెప్తున్నవ్ రా బోథోడా? ఇరిగిన చెయ్యి నాదా?”

ఆ మాటతోనే సిరిసిల్ల బస్సెక్కాను. శంకర్ ఒక రేకుల షెడ్డులో సాంచాలు నడుపుతున్నాడు. కుడి చెయ్యి సగం వంగి అలాగే ఆగిపోయింది. దారం కండెలు ఎడమ చేత్తో మారుస్తున్నాడు. సాంచాల మోతలో నేను గట్టిగా అరిచి చెప్పాల్సి వచ్చింది. “ఆ రోజు పడవ నడిపింది పటేల్ కాదు, నేను!” అతను ఎడమ చేత్తో తన సాంచాను ఆపాడు. ఏమనుకున్నాడో గానీ, పక్కదాన్ని కూడా ఆపి వచ్చాడు.

“నాకు ఎర్కనే అన్నా,” అన్నాడు. “ట్యూబు మీద కూసున్నోనికి పడవ నడిపెటోడు కనవడడా? ఎదురుంగనే ఉంటివి.”

“మరి ఎవరికీ ఎందుకు చెప్పలే?”

“నన్నెవరు అడిగిండ్రు?” అన్నాడు శంకర్. కోపంగా కూడా అనలేదు. తర్వాత, “గీ మాట చెప్పనీకేనా గింత దూరం వచ్చినవ్?” అని అడిగాడు.

దారి పొడవునా నేను పేర్చుకున్నదంతా ఆ మాటే. అది అతనికి ఎప్పటినుంచో తెలుసు. ఇక నా దగ్గర మిగిలింది ఒక్కటే.

“తప్పు నాది, శంకర్,” అన్నాను. “నన్ను మాఫ్ చెయ్యి.”