పసుపు గోడ, నీలం గోడ

రాష్ట్రం విడిపోయిన కొన్నాళ్లకు నన్ను జమ్మలమడుగు వైపు ఒక చిన్న ప్రభుత్వాసుపత్రికి హెడ్ నర్సుగా వేశారు. బాలింతలను, బిడ్డలను ఉంచే గదికి అప్పుడే రంగులు వేయించబోతున్నారు. ఖర్చు పెట్టుకుంటానన్న బట్టలకొట్టు శెట్టిగారు పసుపు వేయమన్నారు, శుభమని. ఆసుపత్రి కమిటీలోని రెడ్డిగారు నీలమే కావాలన్నారు, కంటికి చల్లగా ఉంటుందని. అసలు సంగతి ఊరందరికీ తెలుసు. మా వైపు గోడకు ఏ రంగు పూసినా, అది ఏ పార్టీదని అడగకుండా ఎవరూ ఊరుకోరు.

పెయింటరు ఎదురెదురు గోడలకు చెరొక రంగు పూసి చేతులు దులుపుకున్నాడు. పెద్దమనుషులిద్దరూ గది మధ్యలో నిలబడి వాదులాటకు దిగారు. నాకు ఒళ్లు మండింది. పుట్టిన రెండు మూడు రోజులకు చాలామంది బిడ్డలకు కామెర్లు వస్తాయి. ముదిరితే మెదడు దెబ్బతింటుంది. ముందుగా వాటిని పట్టేది మా కన్నే, రక్తపరీక్ష ఆ తర్వాత. గోడ రంగు బిడ్డ ఒంటిమీద పడితే కన్ను మోసపోతుంది. చెబితే వినే మనుషులు కారు, చూపిద్దామనుకున్నాను.

నాలుగు రోజుల కిందట ఇంట్లోనే పుట్టిన మనవణ్ణి ఖైరూన్ అనే అవ్వ అప్పుడే టీకాకు తెచ్చింది. అవ్వను అడిగి వాణ్ణి చేతుల్లోకి తీసుకున్నాను. పసుపు గోడ దగ్గర ఒళ్లంతా పసుపు పూసినట్టున్నాడు. గోడ మహిమేనని అందరం నవ్వుకున్నాం. నీలం గోడ దగ్గర శుభ్రంగా కనిపించాడు. చివరికి వరండాలోకి, పగటి వెలుతురులోకి తెచ్చి నుదుటిని వేలితో నొక్కి వదిలాను. నొక్కినచోట పచ్చదనం తేలింది. పొట్టా పచ్చనే, అరికాళ్లూ పచ్చనే. మళ్లీ నొక్కి చూశాను.

"ఏంది సిస్టరమ్మా, అట్ల చూస్తాండావు? బంగారు రంగుతో పుట్టినాడని మేం మురిసిపోతాంటే," అంది అవ్వ.

పాలు తాగుతున్నాడా అని అడిగాను.

"యాడమ్మా! నిన్నట్నుంచి ఒకటే నిద్ర. శానా మంచోడు, ఏడ్సనే ఏడ్సడు."

అలా పాలు మాని మత్తుగా పడుకోవడమే ప్రమాదం. డాక్టరుగారు వెంటనే ప్రొద్దుటూరుకు తీసుకుపొమ్మన్నారు. శెట్టిగారు కారు తీయించారు. రెడ్డిగారు ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఫోన్లు చేసి అక్కడ మంచం సిద్ధం చేయించారు. బిడ్డను కామెర్లు తగ్గించే నీలి దీపాల కింద పడుకోబెట్టారని తెలిసి ఆయన మీసం మీద చెయ్యి వేయబోయారు గాని, శెట్టిగారి మొహం చూసి దించేశారు. ఆ రోజు వాళ్లిద్దరి మీదా నాకు ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

బిడ్డ దక్కాడు. గదికి తెల్లరంగు వేశారు. ఆ తర్వాత నా దగ్గర చేరిన ప్రతి నర్సుకూ ఒకే మాట చెప్పాను: ఏడవని బిడ్డను మంచివాడని వదిలెయ్యకు, వెలుతురులోకి తీసుకుపోయి నొక్కి చూడు.