రిలే కాళ్లకు సరిపోని బోర్డు

పార్టుల తీగ కాళ్లు, అచ్చు తీసిన కాగితం నమూనా మీద గుచ్చి చూడకుండా ఏ సర్క్యూట్ బోర్డూ తయారీకి పంపనని మా బావమరిది ఏనాడో నాకు మాటిచ్చాడు. మొదటి బోర్డుకే తప్పాడు. పెనుబల్లిలో మా చెల్లెలి మిర్చి తోటకు, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా అతను గీసిన బోర్డు ఈ రోజు తయారై వచ్చింది. మోటారును ఆన్ చేసే స్విచ్చు లాంటి రిలే కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి దిగలేదు.

"కాగితం మీద గుచ్చి చూసినవా?"

"సాఫ్ట్‌వేర్‌ల రిలే బొమ్మ గా పేరుతోనే ఉండె బావా. అదే పెట్టిన."

"చెప్పులు గూడ కాలు పెట్టకుండనే కొంటవా?"

నవ్వాడు! ఇంకో బోర్డు వచ్చేదాకా, కరెంటు ఏ వేళకొస్తే ఆ వేళ, మా చెల్లెలు పాములు తిరిగే గట్ల మీద నడిచి మోటారు వేయాలి.

రిలే చేతిలో పెట్టుకుని కూడా కొలవని మనిషిని మీరైతే ఏమంటారు? నేను పేరు పెట్టే చెబుతాను: మా బావమరిది ప్రభుదాసు.